కుర్చీ అప్పగించి విమానం ఎక్కాను: నా అనుభవం

2025 ఫిబ్రవరి 5న, నా పవర్ వీల్‌చైర్‌ను విమానం తలుపు దగ్గర సిబ్బందికి అప్పగించాను. అది మళ్లీ పూర్తిగా బాగైంది ఏప్రిల్ 29న. మధ్యలో 83 రోజులు పోయాయి. ఈ 83 రోజుల్లో తెలుసుకున్న సంగతుల్లో సగమైనా టికెట్ కొనేముందు ఎవరైనా చెప్పి ఉంటే నాకింత జరిగేది కాదు. నాలాంటి వాళ్లు ఎవరైనా మొదటిసారి విమానం ఎక్కబోతుంటే వాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా సంగతి. పదకొండేళ్ల కిందట వెన్నుపాము దెబ్బతింది. ఛాతీ కింది నుంచి స్పర్శ లేదు, చేతుల్లో పట్టు తక్కువ. ఒక్క అడుగు కూడా వేయలేను. నా కుర్చీ 118 కిలోలు. జాయ్‌స్టిక్‌తో నడుస్తుంది, బటన్ నొక్కితే వెనక్కి వాలుతుంది. ఆ వాలడం సుఖం కోసం కాదు. అరగంటకోసారి ఒంటి బరువు మార్చకపోతే నాకు చర్మం పుండు పడుతుంది. అన్నయ్య కొత్త ఇంట్లో చేరి ఏడాది దాటింది. చెల్లిని తోడు తీసుకుని, రెండు విమానాలు మారి వెళ్లాలనుకున్నాను.

జనవరి 6న ఆన్‌లైన్‌లో టికెట్లు తీసుకున్నాం. అక్కడ ‘వీల్‌చైర్ కావాలి’ అని ఒక గడి ఉంటే టిక్ పెట్టాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. నిజానికి ఆ టిక్‌కి అర్థం, ఎయిర్‌పోర్టులో ఎవరో ఒక కుర్చీ తెచ్చి మిమ్మల్ని తోస్తారని మాత్రమే. సొంత కుర్చీ ఉందనీ, దానికి బ్యాటరీ ఉందనీ వాళ్లకి తెలియదు.

మర్నాడు ఫోన్ చేశాను. లైన్లో 41 నిమిషాలు ఆగాక ఒకమ్మాయి పలికింది. ఓపిగ్గా మూడు కోడ్‌లు చెప్పింది. అవి ఏ ఎయిర్‌లైన్‌లో అయినా ఒకటే, రాసి పెట్టుకోండి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే దూరం నడవలేరు గానీ మెట్లెక్కగలరు, సీటు దాకా వెళ్లగలరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లెక్కలేరు, విమానం లోపల నాలుగడుగులు వేయగలరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే అసలు నడవలేరు, సీటు దాకా మోసుకెళ్లాలి. నాది మూడోది. కుర్చీది వేరే కోడ్. లోపలి యాసిడ్ బయటికి ఒలకని బ్యాటరీ అయితే డబ్ల్యూసీబీడీ, లిథియం అయితే డబ్ల్యూసీఎల్‌బీ.

జనవరి 10న ఫారం వచ్చింది. కుర్చీ పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు, బ్యాటరీ రకం అడిగారు. ఎత్తు ఎందుకో మొదట అర్థం కాలేదు. బోయింగ్ 737 లాంటి చిన్న విమానాల్లో సామాను ఎక్కించే కార్గో తలుపు ఎత్తు 90 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. నా కుర్చీ వీపు భాగం నిలబెడితే 104, మడిస్తే 81. మడిచిన కొలతే రాయాలి. 104 అని రాసి ఉంటే కుర్చీ పట్టదని చెప్పేవాళ్లు, లేదా పక్కకి పడుకోబెట్టి తోసేవాళ్లు. చివరికి పడుకోబెట్టారు, అది తర్వాత చెప్తాను.

ఫారంతో పాటు ‘ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉంది’ అని డాక్టర్ సర్టిఫికెట్ కూడా అడిగారు. నాకు కోపం వచ్చింది. నాది జబ్బు కాదు. పదకొండేళ్లుగా ఇలాగే ఉన్నాను, ఉద్యోగం చేస్తున్నాను. ఇంకో రెండు ఫోన్లు చేశాక అక్కర్లేదన్నారు. జనవరి 14న ఫారం పంపించాను, అందిందని ఈమెయిల్ వచ్చింది. ఆ ఈమెయిల్ ప్రింట్ తీసి పెట్టుకోవడం నేను చేసిన పనులన్నిటిలో మంచి పని.

ప్రయాణానికి 48 గంటల ముందు మళ్లీ ఫోన్ చేయమని పాత ప్రయాణికులు అంటుంటారు. ఫిబ్రవరి 3న చేశాను. 52 నిమిషాలు ఆగాను. రికార్డులో నా కోడ్ డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని ఉంది, అంటే నేను మెట్లెక్కగలనని. బ్యాటరీ కుర్చీ ఊసే లేదు. ఫారం అందిందన్న ఈమెయిల్ నంబర్ చెబితే వెతికి సరిచేశారు. ఆ ఫోన్ చేయకపోతే మమ్మల్ని ఎక్కించుకునేవాళ్లో లేదో.

ఫిబ్రవరి 5. విమానం ఉదయం 10:20కి, మేం 6:15కే చేరాం. కౌంటర్లో ఉన్నతను నన్ను దాటి చెల్లిని చూస్తూ, “ఈవిడ నడవగలరా?” అన్నాడు. చెల్లి, “ఆమెనే అడగండి” అంది. అడగలేదు. చెల్లికే రెండో ప్రశ్న వేశాడు. ఆ రోజంతా ఇలాగే గడిచింది. నా పేరు, నా వయసు, నా బరువు అన్నీ చెల్లినే అడిగారు.

తర్వాత బ్యాటరీ గొడవ. 300 వాట్-అవర్ సామర్థ్యం దాటింది కాబట్టి బ్యాటరీ విప్పి ఇవ్వాలన్నారు. ఆ 300 లెక్క విప్పి తీసే లిథియం బ్యాటరీకి. దాన్ని క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి. అలాంటివి రెండు ఉండే కుర్చీ అయితే ఒక్కోటి 160కి మించకూడదు. నావి జెల్ బ్యాటరీలు, ఒలకవు. కుర్చీకి గట్టిగా బిగించి, కరెంటు ఆపేసి, కొనలు కప్పి ఉంటే కుర్చీలోనే ఉండనివ్వొచ్చు. బ్యాటరీ మీద ‘నాన్ స్పిల్లబుల్’ అని అచ్చువేసి ఉన్న చోటు చూపించాను. సూపర్‌వైజర్ వచ్చి, పుస్తకం చూసి, సరే అనేసరికి 35 నిమిషాలు. ఆ తర్వాత కుర్చీ కౌంటర్లోనే ఇచ్చేయమన్నారు. గేటు దాకా నా కుర్చీలోనే వస్తానని పట్టుబట్టాను. దీని మీద మాత్రం ఎవరూ వెనక్కి తగ్గకండి. ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుంటే మన కదలిక తోసేవాళ్ల చేతుల్లోకి పోతుంది.

సెక్యూరిటీలో 20 నిమిషాలు. విడిగా గదిలో, మహిళా సిబ్బంది చేతులతో తడిమి చూశారు. కుర్చీని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని మిషన్‌లో పెట్టారు. మర్యాదగానే చేశారు.

గేటు దగ్గర అందరికంటే ముందు ఎక్కిస్తామన్నారు. సన్నటి కుర్చీ రావడం ఆలస్యమై అందరికంటే చివర ఎక్కించారు. సీట్ల మధ్య సందులో పట్టేలా చేసిన కుర్చీ అది. చేతులు పెట్టుకునే చోటు ఉండదు, మూడు పట్టీలతో కట్టేస్తారు. ఇద్దరు మగవాళ్లు వచ్చారు. మహిళ ఉంటే పంపండని అడిగితే పది నిమిషాలకి ఒకామె వచ్చి చంకల కింద చేతులు వేసింది, ఇంకొకతను మోకాళ్ల కింద. దాదాపు 170 మంది కూర్చుని చూస్తుండగా మూటలా నన్ను ఎత్తారు. చొక్కా పైకి జరిగింది. నేను సర్దుకోలేను, చేతులు పట్టీల్లో ఉన్నాయి. చెల్లి వెనకనుంచి వచ్చి లాగింది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

విశాలంగా ఉంటుందని మొదటి వరస సీటు ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు. కానీ మొదటి వరసలో ట్రే బల్ల చేతిపట్టీలోనే (చెయ్యి ఆనించుకునే భాగంలోనే) ఉంటుంది కాబట్టి ఆ చేతిపట్టీ పైకి లేవదు. నన్ను దాని మీదుగా ఎత్తాల్సి వచ్చింది, తుంటి దానికి గుద్దుకుంది. నాకు నొప్పి తెలియదు, అదే భయం. వెనక వరసల్లో చాలా సీట్లకి చేతిపట్టీ కింద, మడత దగ్గర చిన్న మీట దాగి ఉంటుంది. అది నొక్కితే నడవ వైపు పట్టీ పైకి లేస్తుంది. సిబ్బందిలో కూడా చాలామందికి తెలియదు. సీటు ఎంచుకునేటప్పుడే అలాంటిది అడగండి. నా గాలి దిండు మాత్రం సీటు మీద వేయించుకున్నాను. దాన్ని కుర్చీతో పాటు కిందికి పంపకండి.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. బ్రేకులు ఎలా వదలాలో, వీపు ఎలా మడవాలో తలుపు దగ్గరున్న అబ్బాయికి నోటితో చెప్పాను. అతను బుద్ధిగా తలూపాడు. కింద కార్గోలోకి ఎక్కించేది వేరే వాళ్లని నాకు తట్టలేదు. జాయ్‌స్టిక్ కూడా కుర్చీకే వదిలేశాను.

కిటికీ పక్క చెల్లి కూర్చుంది. “అక్కా, నీ కుర్చీ” అంది. మెడ చాచి చూశాను. నలుగురు దాన్ని బెల్టు మీదికి ఈడుస్తున్నారు. చక్రాలు తిరగడం లేదు, బ్రేకులు వదల్లేదు. తలుపు దగ్గర పట్టలేదు. పక్కకి పడుకోబెట్టారు, జాయ్‌స్టిక్ ఉన్న వైపుకే. అందరూ కలిసి కాళ్లతో తోశారు. నేను సిబ్బందిని పిలిచే బటన్ మళ్లీ మళ్లీ నొక్కాను. సిబ్బంది వచ్చేసరికి తలుపు మూసేశారు. కళ్ల ముందు జరుగుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. నా కాళ్లు పోయిన రోజు నాకు స్పృహ లేదు. ఈ రోజు స్పృహలో ఉండి చూశాను.

విమానం 3 గంటల 50 నిమిషాలు. ముందు రోజు రాత్రి నుంచి నీళ్లు తాగలేదు. చిన్న విమానాల్లో టాయిలెట్లోకి నన్ను చేర్చే దారి లేదు. నాకు తెలిసిన వీల్‌చైర్ ప్రయాణికుల్లో చాలామంది ఇదే చేస్తారు. మూత్రాశయం పనితీరు సరిగా లేని మాకు నీళ్లు మానడం ఎంత చెడ్డదో తెలిసే చేస్తారు. ఆ విమానంలో ఒకే ఒక్క ఎయిర్‌హోస్టెస్ నా సీటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నా కళ్లలోకి చూసి, “మీ కుర్చీ గురించి దిగే చోటుకి మెసేజ్ పంపమని కెప్టెన్‌కి చెప్పాను” అంది. ఆ మాటకే సగం టెన్షన్ తగ్గింది.

మారే ఎయిర్‌పోర్టులో అందరూ దిగిపోయాక 45 నిమిషాలు ఖాళీ విమానంలో ఉన్నాం. కుర్చీ తలుపు దగ్గరికి రావాలి. రాలేదు. నేరుగా చివరి ఊరికి పంపేలా ట్యాగ్ వేశారట. నాలుగున్నర గంటలు ఎయిర్‌పోర్టు కుర్చీలో ఉండాల్సి వచ్చింది. తోసుకొచ్చినతను నన్ను ఒక గోడకి ఎదురుగా పెట్టి, “వస్తాను” అని వెళ్లాడు. నా చేతులతో ఆ చక్రాలు తిప్పలేను. చెల్లి టాయిలెట్‌కి వెళ్లిన పది నిమిషాలూ ఆ గోడనే చూశాను. అది వాలని కుర్చీ కాబట్టి చెల్లి అరగంటకోసారి దాన్ని వెనక్కి వంచి, తన ఒంటి మీద ఆనించుకుని రెండేసి నిమిషాలు పట్టుకుంది. నాలుగున్నర గంటలూ అలాగే.

రెండో విమానం పెద్దది, 6 గంటలు. అందులో టాయిలెట్ దాకా తీసుకెళ్లే మడత కుర్చీ ఉంది. నేనడిగితేనే చెప్పారు.

దిగేసరికి రాత్రయింది. చివర దించారు, 55 నిమిషాలు. కుర్చీ తలుపు దగ్గరకి కాదు, పెద్ద సామాన్లు వచ్చే బెల్టు దగ్గరికి వచ్చింది. దూరం నుంచే చూశాను. జాయ్‌స్టిక్ వైరుకి వేలాడుతోంది. ఎడమ చేతిపట్టీ బ్రాకెట్ వంగిపోయింది. స్విచ్ వేస్తే లైటు వెలిగింది గానీ వీపు లేవలేదు. చెల్లి ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడు ఇక్కడి నుంచి బయటికి ఎలా వెళ్లాలి, రేపు మంచం ఎలా దిగాలి, అవే ఆలోచనలు.

ఒకతను కాగితం తెచ్చి, “అందినట్టు సంతకం పెట్టండి” అన్నాడు. పెట్టలేదు. ఎయిర్‌పోర్టు దాటకుండానే డ్యామేజ్ రిపోర్టు రాయించాలి. దాన్ని పీఐఆర్ అంటారు, ఒక నంబర్ ఇస్తారు. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. వాళ్ల ఫారంలో సూట్‌కేసుల బొమ్మలున్నాయి. ఏ బొమ్మ దగ్గర గుర్తు పెట్టాలో తెలియక ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని అలా ఉండిపోయింది. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాం, ట్యాగ్‌తో సహా.

మర్నాడు నాలాగే కుర్చీ వాడే ఒక స్నేహితుడు ఫోన్లో చట్టం చెప్పాడు. అంతర్జాతీయ విమానాలకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని కింద నా కుర్చీ ఒక లగేజీ. పాడైన లగేజీ గురించి చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కోర్టుకి వెళ్లాలంటే 2 ఏళ్ల గడువు. లగేజీకి ఒక్కో ప్రయాణికుడికి ఇచ్చే పరిహారం 1,519 ఎస్‌డీఆర్‌లు మించదు. 2024 డిసెంబరు 28కి ముందు అది 1,288గా ఉండేది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే యూనిట్. నా కుర్చీ వెల ఆ పరిమితికి మూడు రెట్ల పైనే. అమెరికాలో దేశం లోపలి విమానాల్లో అయితే లగేజీ పరిమితి వీల్‌చైర్‌కి వర్తించదు, కొన్న ధర దాకా ఇవ్వాలి. సరిహద్దు దాటితే మళ్లీ ఈ పరిమితే.

“చెక్-ఇన్‌లో స్పెషల్ డిక్లరేషన్ ఇచ్చావా?” అనడిగాడు. నేనా మాట వినడమే మొదటిసారి. సామాను అప్పగించేటప్పుడే దాని అసలు విలువ రాసి ఇస్తే, పరిమితి ఆ విలువ దాకా పెరుగుతుంది. అది ఒప్పందంలోనే ఉంది. జనవరి నుంచి ఇన్ని ఫోన్లు చేశాను, ఇన్ని కాగితాలు నింపాను. ఒక్కరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 7న ఎయిర్‌లైన్ ఒక మామూలు కుర్చీ పంపింది. నాకు మూడంగుళాలు వెడల్పు ఎక్కువ. పక్కకి ఒరిగిపోకుండా దుప్పట్లు చుట్టి కూర్చున్నాను. 9న చెల్లి స్నానం చేయిస్తూ తుంటి మీద ఎర్రటి మచ్చ చూసింది. విమానంలో గుద్దుకున్న చోటో, ఒరిగి కూర్చున్నందుకో చెప్పలేను. అక్కడ ఉన్నది మొత్తం 11 రోజులు, అందులో ఆరు రోజులు పక్కకి తిరిగి మంచం మీదే. అన్నయ్య ఇల్లు చూద్దామని వెళ్లి ఒకే గది చూశాను. అన్నయ్య రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చునేవాడు, నా ముఖం కనిపించే ఎత్తులో.

ఫిబ్రవరి 8న ఫిర్యాదు పంపాను, పీఐఆర్ నంబర్, ఫొటోలు, కుర్చీ కొన్న బిల్లుతో. 11న జవాబుగా తర్వాతి ప్రయాణానికి వోచర్ ఇస్తామన్నారు. వద్దన్నాను. అది తీసుకుంటే క్లెయిమ్ అంతటితో తేలిపోయినట్టు రాసుకున్నారు, కింద చిన్న అక్షరాల్లో. 13న మెకానిక్ వచ్చి జాయ్‌స్టిక్‌ని క్లాంపుతో తాత్కాలికంగా నిలబెట్టాడు, వీపుని ఒక చోట బిగించేశాడు. అసలు పార్టులు రావడానికి ఏడెనిమిది వారాలన్నాడు.

16న తిరుగు ప్రయాణం. ఈసారి అన్నీ మార్చాను. జాయ్‌స్టిక్ విప్పి సంచిలో పెట్టుకున్నాను, కాళ్ల పలకలు కూడా. బ్రేకు వదిలే మీటల ఫొటోలు, ‘పడుకోబెట్టవద్దు’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి కుర్చీకి రెండు వైపులా కట్టాం. కౌంటర్లో స్పెషల్ డిక్లరేషన్ అడిగితే అక్కడున్నామెకు తెలియదు. సూపర్‌వైజర్ 25 నిమిషాలు వెతికి ఫారం తెచ్చారు. అదనంగా డబ్బు తీసుకోలేదు.

గేటు దగ్గర ఇంకో మాట అడిగాను, కుర్చీ ఎక్కించే మనిషిని ఒక్కసారి పైకి పిలవమని. కుదరదన్నారు మొదట. తర్వాత ఎవరో పిలిచారు. నడివయసు మనిషి, చెవులకి మఫ్‌లు, చేతులకి గ్లవ్స్. మీటలు ఎక్కడున్నాయో చూపించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయనే వంగి రెండుసార్లు వేసి, తీసి చూశారు. “ఇన్నేళ్లలో మాకు ఎవరూ చూపించలేదు. మేం తోస్తూనే ఉన్నాం” అన్నారు. అప్పటిదాకా ఆ నలుగురి మీద నాకున్న కోపం ఆ మాటతో వేరే వైపు తిరిగింది. 118 కిలోల మిషన్, నేర్పినవాళ్లు లేరు, విమానం బయల్దేరే టైము దగ్గర పడుతోంది. తప్పు వాళ్ల భుజాల మీద వేసి పైవాళ్లు తప్పించుకుంటున్నారు. ఆ ప్రయాణంలో కుర్చీకి ఒక్క గీత కూడా పడలేదు.

పుండు మానడానికి మార్చి నెలాఖరు అయింది. నాలుగు వారాలు ఆఫీసు పని మంచం మీంచే చేశాను. మార్చి 20న ఎయిర్‌లైన్ తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది, కానీ 1,519 ఎస్‌డీఆర్‌లే అంది. రిపేరు బిల్లు దానికి ఒకటింపావు రెట్లు అయింది. పై పావు వంతు, మెకానిక్ వచ్చిన ఖర్చు, లిఫ్టు ఉన్న బండి అద్దె నేనే పెట్టుకున్నాను. బండి అద్దె బిల్లులు మళ్లీ మళ్లీ పంపితే ఏప్రిల్ 22న వాటిలో సగం ఇచ్చారు. పుండు గురించి నేను రాసిన పేరాకి మాత్రం ఏ ఉత్తరంలోనూ జవాబు లేదు.

ఏప్రిల్ 29న కొత్త జాయ్‌స్టిక్ బిగించారు. బటన్ నొక్కి వెనక్కి వాలాను. పైన ఫ్యాన్ కనిపించింది. చాలాసేపు అలాగే ఉండిపోయాను.

అన్నయ్య మళ్లీ రమ్మంటున్నాడు. అక్టోబరుకి టికెట్లు తీసుకున్నాం. ఫారం పంపి, కోడ్‌లన్నీ ఈమెయిల్లో రాసి, అందిందని జవాబు కూడా తెప్పించుకున్నాను. అయినా నిన్న ఫోన్ చేశాను. 44 నిమిషాలకి ఒకతను పలికాడు. రికార్డులో ఏముందో చదివి వినిపించమన్నాను. చదివాడు. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని ఉంది. మార్పించాను.